పులియని రొట్టెల వారం

ఈ ఏడు వేసవి మొదట్లో మా అక్క తన ఇంట్లో పులిసినదేదీ ఉండటానికి వీల్లేదని తీర్మానించింది. ఇడ్లీ పిండి గిన్నె పక్కింటికి వెళ్లింది. బ్రెడ్డు, బిస్కెట్లు, నేను పుస్తకాల వెనక దాచుకున్న రస్కుల డబ్బా వీధి చివరి సైకిల్ షాపుకి వెళ్లాయి. పెరుగు సంగతి మాత్రం తేలలేదు. తోడు పెట్టడమంటే పులియబెట్టడమే కదా అని కొందరు, పులిపిండి అన్నది ధాన్యానికి సంబంధించిన మాట అని కొందరు, మా సంఘం ఆడవాళ్లు చర్చి అరుగు మీద వాదించుకున్నారు. రాయగడలో తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఎక్కువ లేవు. ఒక ఇంట్లో పెరుగు ఉంటుందా ఉండదా అన్నది అందరి సమస్యా అవుతుంది.

నేను ఆ వాదన విని నవ్వాను. బయటికే నవ్వాను.

నేను దేవుణ్ణి నమ్మను. మా తాత విజయనగరం వైపు నుంచి ఈ కొండలకి వచ్చి మిషను బడిలో పాఠాలు చెప్పాడు. నాన్నా అదే పని చేశాడు. నేను చదువుకోవడానికి తిరిగి విజయనగరం వెళ్లి, అక్కడి హేతువాదుల చర్చామండలిలో మాట నేర్చుకున్నాను. ఆ మండలిలో కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఎదుటివాడి వాదంలో బలమైన చోటు ఏదో ముందు నువ్వే చెప్పాలి, ఆ తర్వాతే దాన్ని కొట్టాలి. తెలిసిన విషయాన్ని దాచి గెలవకూడదు. ఆ కట్టుబాట్లతోనే నేను కాలేజీలో పాఠం చెప్పాను, వ్యాసాలు రాశాను, మూఢనమ్మకాల మీద ఈ జిల్లా అంతా తిరిగి ఉపన్యాసాలిచ్చాను. వాటిని మిగతా ప్రపంచం పాటించడం లేదని కోపగించుకుంటూ బతికాను.

అక్క నర్సుగా పనిచేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. నా భార్య పోయాక నేను ఆమె ఇంటికే చేరాను. ముందు గదిలో ఆమె బైబిలు, వెనక గదిలో నా పుస్తకాలు, మధ్యలో వంటిల్లు. ఆమెకి చాలాకాలంగా షుగరు. ఇన్సులిన్ సూది తనే పొడుచుకుంటుంది. ఎన్ని వేలమందికో సూదులు వేసిన చెయ్యి, తన పొట్ట మీద కూడా కళ్లు దించకుండానే వేసుకుంటుంది.

మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు గుణుపురం కుర్రాడు. వేదాంత కళాశాల నుంచి నేరుగా వచ్చాడు. యూదుల పండుగల్లో క్రీస్తు ఎలా కనిపిస్తాడో శుక్రవారం సాయంత్రాలు చెబుతానన్నాడు. ఆ తరగతులు పెట్టుకోవడానికి అక్క మా ముందు గది ఇచ్చింది. వెనక గదిలో కూర్చున్నా నాకు ప్రతి మాటా వినిపించేది. కొన్నాళ్లకి కుర్చీ లాక్కుని గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టాను.

అతను బాగా చెప్పేవాడు, ఆ మాట ముందు ఒప్పుకోవాలి. పస్కా, అంటే ఐగుప్తు దేశంలో బానిసలైన యూదులు బయటపడ్డ రాత్రి, గొర్రెపిల్ల రక్తం పూసిన ద్వారబంధాలు దాటి మృత్యువు వెళ్లిపోయింది, ఆ గొర్రెపిల్లే సిలువ మీది ప్రభువు. పిండి పులిసే వ్యవధి లేక వాళ్లు పట్టుకెళ్లిన పులియని రొట్టె పాపం అంటని ఆయన దేహం, దాని గుర్తుగానే ఆ వారం ఇంట్లో పులిసినదేదీ ఉంచరు. కోతలో మొదటి కంకుల కట్టను, అంటే పనను, యాజకుడు అల్లాడించే ప్రథమఫలాల రోజు ఆయన సమాధి నుంచి లేచిన రోజు. పెంతెకొస్తు నాడు కోత పండుగ, ఆ నాడే శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగిరావడం. వసంతంలో వచ్చేవి నెరవేరిపోయాయి. శరత్కాలపు పండుగలు, అంటే బూరల పండుగ, ప్రాయశ్చిత్త దినం, పర్ణశాలల పండుగ, ఇంకా నెరవేరాల్సినవి. ఏడాది మొత్తాన్ని దేవుడు ఒక కథగా ముందే రాసిపెట్టాడని, విమోచన అనేది తోచినప్పుడు జరిగిన పని కాదని అతని వాదం.

పస్కా అంటే నాకూ ఇష్టమే. బానిసలు పారిపోయిన రోజును పండుగ చేసుకున్న జాతి అది. రాజు గెలిచిన రోజు కాదు, రాక్షసుడు చచ్చిన రోజు కాదు, కూలీలు పని మానేసి నడిచి వెళ్లిపోయిన రోజు. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు లేచి, ఇదంతా ఎందుకు చేస్తున్నాం అని అడిగితేనే ఆ భోజనం ముందుకు సాగుతుంది. ప్రశ్నతో మొదలయ్యే పండుగ మీద హేతువాదికి కోపం ఎందుకుంటుంది?

అక్కకి నచ్చింది మాత్రం రొట్టె. ఒక శుక్రవారం ఆమె అందరి ముందూ అంది, “మా తాత ఆళ్ల ఊళ్లో నూతి దగ్గిర దోసిలి పట్టుకుని నిలబడేవోడు. ఎవులో పోస్తే తాగాల. ఒకనాడు సెంబట్టుకుని కొండెక్కీసేడు. పిండి పులిసే దాకా ఆగలేదు. అయ్యగారూ, మీరు సెప్పిన ఐగుప్తు మాకు ఎరికే. ఒక్క ఏడైనా ఆ వారం పూర్తిగా సెయ్యాలని ఉన్నాది నాకు. సగం సగం కాదు.”

ఆ మాట నేను గుమ్మంలోంచి విన్నాను. ఆ తర్వాతి వారం నేను చేసినదాన్ని అర్థం చేసుకోవాలంటే ఇది కూడా లెక్కలోకి రావాలి. ఆమెకి ఆ వారం ఎందుకు కావాలో నాకు తెలుసు.

పండుగ దగ్గర పడ్డాక జరిగిన తరగతిలో నేను గుమ్మంలోంచి అందుకున్నాను. “అయ్యగారూ, రెండు ప్రశ్నలు. యూదుల పండుగ యూదులది. వాళ్లు తమ బానిసత్వం తెగిన రోజు గుర్తు చేసుకుంటుంటే, అది మా ప్రభువు నీడ మాత్రమే అని మీరు చెప్పడం, పక్కింటి పెళ్లి ఫొటోలో మనవాడి ముఖం అతికించుకోవడం కాదా? రెండోది, ఒకడు చేసిన తప్పుకి గొర్రెపిల్ల ఎలా చస్తుంది? ప్రాయశ్చిత్త దినాన యాజకుడు మేక నెత్తిన చేతులు పెట్టి ఊరి పాపాలన్నీ దాని మీద మోపి అడవిలోకి తోలేస్తే ఊరు శుభ్రమవుతుందా? ఒకరి తప్పు ఇంకొకరు మోయడం ఏ న్యాయం?”

పాస్టరుగారు మొదటిదానికి తల ఊపాడు. అది తను కూడా ఆలోచించాల్సిన ప్రశ్నే అన్నాడు. రెండోదానికి నోరు తెరిచేలోపు, మా సంఘంలో అందరికంటే పెద్దావిడ, ఒకప్పటి బడి పంతులమ్మ, గోడకి ఆనుకుని కూర్చున్నచోటి నుంచే అందుకుంది.

“బాబూ, ఆ సొక్కా ఎవులు ఉతికేరు?”

“అక్క.”

“నువ్వు తిన్న కంచం?”

నేను అక్క వైపు చూశాను.

“నీ మురికి ముప్పూటలా మీ అక్క వదిలిస్తంటే, ఒకరి మురికి ఇంకొకరు ఎలాగ వదిలిస్తారని సబలో నిలబడి అడగతన్నావేటి?”

గది గదంతా నవ్వింది. పాస్టరుగారు నవ్వు ఆపుకోవడానికి బైబిల్లోకి ముఖం దించాడు. అక్క నవ్వుతూనే నా వైపు చూసి, పోనీలే అన్నట్టు చెయ్యి ఊపింది. అది వాదం కాదు, ఛలోక్తి. మాసిన చొక్కాకీ, చేసిన నేరానికీ తేడా ఉంది. ఆ తేడా నేను అక్కడే చెప్పి ఉండాల్సింది.  ఎన్నో సభల్లో ఎందరినో కూర్చోబెట్టినవాణ్ణి, మా ముందు గదిలో ఒక ముసలావిడ చేతిలో ఓడిపోయాను.

అందరూ వెళ్లిపోయాక అక్క వంటింట్లో చోడిపిండి, అంటే రాగిపిండి, కలుపుతోంది. ఆ వారమంతా చోడి రొట్టెలే. నేను గోడవారగా పీట మీద కూర్చున్నాను.

“ఏట్రా, మూతి ముడుసుకుని కూకున్నావు? పంతులమ్మ మాటకి ఉడుక్కున్నావేటి?”

“నాకెందుకు ఉడుకు? మీ పండగలోనే నిజాయితీ లేదు.”

“అదేటి?”

“సగం సగం సెయ్యనని అందరి ముందూ అన్నావు. ఇడ్లీ పిండి పంపీసేవు. రస్కులు పంపీసేవు. మరి ఇన్సులిన్?”

“మందుకీ దీనికీ ఏటి?”

“అది ఎలా తయారవుతుందనుకున్నావు? ఈస్టుతో. మీ బ్రెడ్డు పొంగించే ఆ జాతినే పెద్ద పెద్ద ట్యాంకుల్లో పులియబెట్టి తీస్తారు. రోజూ పొద్దున్నే పులిపిండి పొడుసుకుంటూ, పెరుగు మీద సభలు పెడతన్నారు. మీ నిష్ఠ అంతా ఇడ్లీ గిన్నె దాకానే.”

ఆమె చెయ్యి పిండిలో ఆగిపోయింది. “నిజమేనేటి?”

“నీతో అబద్ధమెప్పుడు ఆడేను?”

అబద్ధం కాదు. చాలా రకాల ఇన్సులిన్ అలాగే తయారవుతుంది. కానీ దాన్ని ఆ తర్వాత వడగట్టి, మళ్లీ మళ్లీ శుద్ధి చేస్తారు. మందు సీసాలోకి వచ్చేసరికి అందులో ఈస్టు మిగలదు. ఈ సంగతి కూడా నాకు తెలుసు. ఒకప్పుడు దీని మీద పిల్లలకి పాఠం కూడా చెప్పాను. ఆ రెండో వాక్యం నా నాలుక మీదికి వచ్చింది. అది చెబితే దెబ్బ తేలిపోతుంది. అక్క నవ్వేసి మళ్లీ పిండి కలుపుకుంటుంది. నేను ఓడినవాడిగానే నిద్రపోవాలి. అందుకని మింగేశాను.

ఆమె పిండి గిన్నె మీద మూత పెట్టింది. నేను నా గదిలోకి వెళ్లి, చాలా రోజుల తర్వాత హాయిగా చదువుకున్నాను.

వారం మొదలైంది. అక్క ఉత్సాహంగా ఉంది. చోడి రొట్టెలు, కీరదోసకాయ ముక్కలు, ఉప్పూ కారం. “నీకు ఇష్టం లేకపోతే బయట తినరా,” అంది. నేను బయట తినలేదు, ఆ రొట్టెలే సణుగుతూ తిన్నాను. నీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచినప్పుడు తలుపు అరలో ఆమె మందుపెట్టె లేకపోవడం కనిపించింది. కనిపించింది అన్నది నిజం. దాని గురించి నేను ఏమీ ఆలోచించలేదు అన్నది కూడా నిజమేనని నన్ను నేను నమ్మించుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను.

నర్సు కదా, తనకి తెలియదా అని మీరు అడగొచ్చు. తెలుసు. కానీ మాత్రలు వేసుకుంటూ, అన్నం మానేస్తే ఆ వారం గట్టెక్కుతానని లెక్క వేసుకుంది. ఎవరికైనా అలాంటి ఆలోచన వస్తే వాళ్లని చెవి పట్టుకుని కూర్చోబెట్టే మనిషి, తన విషయానికి వచ్చేసరికి తన అనుభవం మీద ధీమా పడింది. వారం మధ్యలో ఆమెకి జ్వరం తగిలింది. మూత్రంలో మంట అంది. ఆ జ్వరమే ఆ లెక్కని తలకిందులు చేసింది. చెంబుల కొద్దీ నీళ్లు తాగుతోంది, ఎండ కదా అంది. మర్నాడు మధ్యాహ్నం నేను పిలిస్తే కళ్లు తెరిచి నన్ను “నాన్నా” అంది. బడికి వేళయిపోయింది, జడ వెయ్యమంది.

నేను వీధిలోకి పరిగెత్తాను. పక్కిల్లు కిరాణా హోల్‌సేలు చేసే శ్రీకాకుళం వాళ్లది. ఆ ఇంటావిడ నా గొంతు విని ఎదురొచ్చింది. ఆమె చేతిలో అక్క మందుపెట్టె ఉంది.

“బాబూ, సిస్టరమ్మగారికి బాగోలేదా? ఇది పట్టుకెల్లండి. మా ఫ్రిజ్‌లో పెట్టమన్నాది. పండగైందాకా మా ఇంట ఉండనియ్యి, అయ్యేక తీసుకుంతానన్నాది. మందుని కూడా పంపీయాలేటండి మీ పండక్కి?”

అప్పుడు అర్థమైంది. పెట్టె లాక్కుని, ఆటో పిలవమని అరిచాను.

రాయగడలో చూసిన డాక్టరు ఆలస్యం చెయ్యకుండా కోరాపుట్ పెద్దాసుపత్రికి పంపించాడు. అంబులెన్సులో మాతోపాటు మా సంఘపెద్ద ఒకాయన కూడా ఎక్కాడు. తెరుబలి ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తాడు, నిదానస్తుడు, అక్క అంటే గౌరవం. లక్ష్మీపూర్ ఘాట్ మలుపుల్లో అక్క తల అటూ ఇటూ ఒరిగిపోకుండా ఆయనే పట్టుకున్నాడు. నేను ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాను.

కోరాపుట్‌లో డాక్టరమ్మ గబగబా హిందీలో అడిగింది. షుగరు ఎన్నాళ్లుగా? ఏ మందు? నేను పెట్టె చూపించి, కొన్ని రోజులుగా ఆపేసిందని చెప్పాను. “ఆపేసిందా? ఎందుకు?”

“పండగ,” అన్నాను.

అంతే. ఒక్క మాట. అది కూడా నిజమే. ఆ రోజు నేను చెప్పినవన్నీ నిజాలే. డాక్టరమ్మ విసుగ్గా తల కొట్టుకుని లోపలికి వెళ్లింది. నా పక్కన నిలబడ్డ సంఘపెద్ద ముఖం మారిపోవడం నేను చూశాను. నా నోటి నుంచి బయటపడ్డ ఆ మాట ఎక్కడికి వెళ్తుందో ఆ క్షణంలోనే ఊహించగలిగాను. ఆయన్ని ఆపి అసలు సంగతి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

అక్క బతికింది. కొన్ని రోజులకి తెలివి నిలబడింది. కిడ్నీలకి గట్టి దెబ్బ తగిలిందని, అవి మునుపటిలా పనిచేస్తాయని ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ నాకు వరండాలో చెప్పింది. నేను లోపలికి వెళ్లేసరికి అక్క నా కోసమే చూస్తోంది. చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“ఒరే, ఆ ఈస్టు మాట నువ్వన్నావని ఎవులికీ సెప్పకు. మర్సిపోయేనని సెప్తాను.”

“ఎందుకు?”

“ఎందుకేటి? మన సంఘమోళ్లు నీ మొహం సూడరు. నేను ముందెల్లిపోతే నీకు గంజి పోసేవోళ్లు ఉండాల కదా.”

ఆ స్థితిలో కూడా ఆమె నేను ఎలా బతుకుతానో అని చూస్తోంది. నేను తల ఊపాను. ఒకరి తప్పు ఇంకొకరు మోయడం ఏ న్యాయం అని గుమ్మంలో కూర్చుని గర్జించినవాణ్ణి, నా తప్పు మోయడానికి ఒకరు ముందుకొస్తే క్షణం కూడా వాదించలేదు. ఎంత తేలికగా మోపేశానో! మేక నెత్తిన చేతులు పెట్టడానికైనా యాజకుడు లేచి నిలబడాలి. నేను స్టూలు మీంచి లేవలేదు.

ఇంటికి వచ్చేసరికి ఊళ్లో కథ తయారై ఉంది. పాస్టరు ఇన్సులిన్ మానెయ్యమన్నాడట. మందులు పులిసినవని బోధించాడట. పక్కింటావిడ చెప్పినదీ, సంఘపెద్ద ఆసుపత్రిలో విన్నదీ కలిశాయి. అక్క మంచం మీంచే వచ్చినవాళ్లందరికీ “నేనే మర్సిపోయేనర్రా” అని చెబుతోంది. మర్చిపోయినావిడ మందుపెట్టె పక్కింట్లో ఎందుకు పెడుతుంది? ఎవరూ నమ్మలేదు. ఆమె అయ్యగార్ని కాపాడుతోందనుకున్నారు. ఆమె అబద్ధం అతని మెడకే బిగుసుకుంది. పాస్టరుని వెనక్కి పిలిపించమని పైవాళ్లకి రాయడానికి ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటుందని తెలిసింది.

ఆ మధ్యలో పాస్టరుగారు మా ఇంటికి వచ్చాడు. అక్క నిద్రలో ఉంది. నా గదిలోకి వచ్చి కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు.

“మాస్టారూ, మీరు మా వాళ్లు కాదు కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. తరగతులన్నీ మీరు విన్నారు. నేను ఎక్కడైనా మందు మానమన్నట్టు మాట్లాడానా? నాకు తెలియకుండా ఏమైనా అన్నానా?”

“లేదు,” అన్నాను. “అనలేదు.”

“మరి ఆవిడకి ఆ ఆలోచన ఎలా వచ్చిందంటారు?”

నేను టీ తెస్తానని లేచాను. వంటింట్లో పాలు పొంగేదాకా నిలబడ్డాను. టీ ఇచ్చాను. తాగి వెళ్లిపోయాడు.

అదే రోజు, నేను వ్యాసాలు రాసే మాసపత్రిక వాళ్లు ఫోన్ చేశారు. సంగతి వాళ్ల దాకా వెళ్లింది. “మీ ఇంట్లోనే జరిగింది కదా మాస్టారూ, మీరే రాయాలి. పండగ నిష్ఠతో నర్సు ప్రాణం మీదికి. మీ కలానికి ఇంతకంటే ఏం కావాలి?” నేను కూర్చుని మొదలుపెట్టాను కూడా. కలం బాగా సాగింది. విశ్వాసం మనిషి బుద్ధిని ఎలా తినేస్తుందో రాశాను. రెండు పేజీలయ్యాక చదువుకున్నాను. ప్రతి వాక్యంలోనూ విశ్వాసం ఏదో ఒకటి చేస్తోంది. విశ్వాసం మభ్యపెట్టింది, విశ్వాసం మందు మాన్పించింది. నేను అన్న మాట ఎక్కడా లేదు. చదివినవాళ్లెవరికీ ఆ ఇంట్లో నేనొకణ్ణి ఉన్నానని కూడా తెలియదు. నా జీవితంలో రాసిన అబద్ధాల్లో అంత చక్కగా వచ్చింది ఇంకొకటి లేదు. కాగితాలు పొయ్యిలో పెట్టాను.

అప్పుడు, చాలా ఆలస్యంగా, యూదులు ఆ వారం గడిపే పద్ధతి ఏమిటో కూర్చుని చదివాను. ప్రాణం మీదికి వస్తే దాదాపు ఏ నియమాన్నైనా పక్కన పెట్టమని వాళ్ల పెద్దలు ఎప్పుడో తేల్చిపెట్టారు. పండుగ యూదులదే అని అంత గట్టిగా వాదించినవాణ్ణి, ఆ యూదులు ఏమంటారో ఒక్క పూట కూర్చుని చదివి ఉంటే సరిపోయేది. నేను వాళ్ల తరఫున మాట్లాడింది గౌరవంతో కాదు. నా వాదంలో వాళ్లు ఒక కర్ర, అంతే.

ఆదివారం అక్కకి చెప్పకుండా వెళ్దామనుకున్నాను. ఆమె చీర మార్చుకుని కూర్చుని ఉంది, ఆరాధనకి తీసుకెళ్లమంది. ఆటోలో వెళ్లాం. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ హాల్లో బెంచీ మీద కూర్చున్నాను. ఆరాధన అయ్యాక కమిటీవాళ్లు మిగిలారు. పంతులమ్మ మిగిలింది. అక్క లేవలేదు. పాస్టరుగారు ఒక పక్కన, తన గురించి కానట్టు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సంఘపెద్ద మాట మొదలుపెట్టేలోపు నేను లేచాను.

“ఇన్సులిన్ పులిసినదని మా అక్కకి చెప్పింది నేను,” అన్నాను. “అయ్యగారు కాదు.”

అక్క తల పట్టుకుంది. సంఘపెద్ద నన్ను జాలిగా చూశాడు.

“మాస్టారూ, అక్కగారు అయ్యగారి కోసం ఒక మాటంతన్నారు. ఇప్పుడు మీరు అక్కగారి కోసం ఇంకోటి. అందరూ ఇలాగ ఒకర్నొకరు కాసుకుంటే మేమేటి సెయ్యాలండి?”

నేను మొత్తం చెప్పాను. వంటిల్లు, చోడిపిండి, ట్యాంకులు, శుద్ధి చేయడం, నేను మింగేసిన వాక్యం. ఆసుపత్రిలో నేనన్న ఒక్క మాట. పాస్టరుగారికి ఇచ్చిన టీ. ఫ్రిజ్ తలుపు. చెబుతున్నంతసేపూ నా గొంతు ఉపన్యాసం గొంతులాగే ఉంది. దాన్ని మార్చడం నాకు చేతకాలేదు.

పంతులమ్మ అంది, “నిజమేనర్రా. అంత ఉడుకుమోత్తనం కల్పించి సెప్పడం ఇతని వల్ల కాదు. ఆవేళ నేనన్న మాటకే గదా బాబూ?”

“మీ మాట వల్ల కాదు. ఆ మాటకి నేను చేసినదాని వల్ల.”

ఆవిడ కొంగు సర్దుకుని కిటికీ వైపు చూసింది. అప్పుడు పాస్టరుగారు లేచాడు.

“నాదీ ఉంది,” అన్నాడు. “పండుగ ముందు రోజు ఆవిడ నన్ను అడిగారు, అయ్యగారూ, ఇంజక్షను కూడా పులిసినదేనా అని. ఎందుకు అడుగుతున్నారో నాకు అర్థం కాలేదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. ప్రార్థన చేసుకోండి, దేవుడు నడిపిస్తాడు అన్నాను. డాక్టర్ని అడగమని అనాల్సింది. మాస్టారు చెప్పేదాకా నేనూ నోరు విప్పలేదు.”

 ఉత్తరం రాయడం ఆగింది. పండుగల తరగతులు కొన్నాళ్లు ఆపుదామన్నారు. పాస్టరుగారు తల ఊపాడు. ఆ తర్వాత సంఘపెద్ద నా వైపు తిరిగి ఇబ్బందిగా అన్నాడు, “మరి మీకేటి సెయ్యాలో తెలియడం లేదు మాస్టారూ. సంఘంలో ఉంటే రొట్టె పంచే ప్రభువు బల్లకి దూరం పెడతాం. మీరు ఎప్పుడూ బల్ల దగ్గిరకి రారు.”

నేను శిక్ష కోసమే వచ్చానని అప్పుడు తెలిసింది. అది కూడా దొరకలేదు. పాస్టరుగారూ నేనూ చెరికాస్త తప్పు ఒప్పుకున్నాం కాబట్టి నా వాటా తగ్గుతుందేమో అని కూడా ఒక క్షణం అనిపించింది. తగ్గలేదు. అది పంచుకుంటే తరిగే వస్తువు కాదు. అతనిది అతనికి పూర్తిగా ఉంది, నాది నాకు పూర్తిగా ఉంది.

ఆటోలో అక్క రోడ్డు వైపు చూస్తూ అడిగింది.

“ఎవులు సెప్పమన్నారు నిన్ను?”

“అయ్యగారి పని పోయేది.”

“అవును.” మళ్లీ తనే, “నేను అంత దూరం ఆలోసించలేదురా. నిన్ను కాసుకుందామని సూసేను గానీ, ఆ పిల్లాడి మీద పడుద్దనుకోలేదు,” అంది. ఆమె గొంతులో ఆ తప్పు బరువు వినడం నాకు మరీ కష్టమైంది. ఆమె దగ్గర ఉండకూడనిది అది.

“ఇప్పుడు తేలికైందేటి నీకు?”

“లేదు.”

“నేను నిన్ను ఆసుపత్రిలోనే క్షమించీసేను. తెలివొచ్చిన రోజే.”

“నీ కిడ్నీలు క్షమించలేదు కదా.”

“ఆటికి నోరు లేదు. ఉన్నది నాకు. నేను సెప్పేను. సాలదా?”

నా సిద్ధాంతం ప్రకారం చాలాలి. ఏళ్ల తరబడి రాశాను. క్షమించే హక్కు దెబ్బ తిన్న మనిషికి మాత్రమే ఉంది, గొర్రెపిల్లకి లేదు, యాజకుడికి లేదు, మనిషి మనిషిని క్షమిస్తే అక్కడితో అయిపోయింది, పైనుంచి ఎవరూ దిగిరానక్కర్లేదు అని. దెబ్బ తిన్న మనిషి నా పక్కనే కూర్చుని, నిండు మనసుతో, క్షమించానంటోంది. నేను రాసినది నిజమైతే ఆ ఆటోలోంచి నేను శుభ్రంగా దిగాలి. ఇప్పటికీ నేను రాసినది తప్పని అనుకోవడం లేదు. అది నాకు పనిచెయ్యలేదు.

“నాకు సాలదు,” అన్నాను.

“అయితే అది నీ గర్వం. ఇచ్చింది పుచ్చుకోడం నీకు ఎప్పుడూ రాదు. కొట్టుకుని గెలుచుకోవాల నీకు.”

నా నోటిదాకా చాలా జవాబులు వచ్చాయి, అన్నీ బాగానే ఉన్నాయి.

ఇంటి ముందు ఆటో ఆగింది. ఈ మధ్య ఆమె ఒంటరిగా దిగలేకపోతోంది. నేను ముందు దిగి చెయ్యి అందించాను. ఆమె చెయ్యి పట్టుకోలేదు, నా భుజం మీద అరచెయ్యి వేసి, ఒంటి బరువంతా నా మీదే ఉంచి, మెల్లగా కాలు కింద పెట్టింది. “కదలకు,” అంది. నేను కదలలేదు.